రంపం గొంతు మారింది

మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకి, ఉత్తర సముద్రం మీద పదిహేనువేల అడుగుల ఎత్తున, రంపం గొంతు మారింది.

హెడ్‌ఫోన్లు తీసి, చెవులు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాను. మార్పు అలాగే ఉంది. నిన్నటిదాకా ఎండు దుంగను కోస్తున్నట్టు నున్నగా సాగిన గరగరలో, ఇవాళ చుట్టుకొకసారి చిన్న ఎక్కిలి. రంపానికి ఒక పన్ను విరిగినట్టు.

"డంకన్, వేగం తగ్గించమని చెప్పు," అన్నాను మైకులో.

డంకన్ మెక్‌ఫెయిల్ మా పరీక్షల అధికారి. స్కాట్లండ్ మనిషి. నాకు నాలుగు వరసల వెనక, తెరల మధ్య కూర్చుని ఉన్నాడు.

"ఎందుకు?"

"ఫ్యాను మోత తేడాగా ఉంది."

"కంపనం ముల్లు నిద్రపోతోంది టెస్సా. నూనె బాగుంది. వేడి బాగుంది. నీ చెవి తప్ప అన్నీ బాగున్నాయి."

"తగ్గించు డంకన్. ప్లీజ్."

పెద్ద నిట్టూర్పు వినపడింది. ఆ తర్వాత కెప్టెన్ రోసలిండ్ కీన్ లివరు వెనక్కి లాగింది. రంపం ఆగింది. నా గుండె మాత్రం ఆగకుండా కోస్తూనే ఉంది.

విమానం పైకి లేచేటప్పుడు ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళకి, ఎవరో తలుపవతల దుంగలు కోస్తున్న చప్పుడు వినిపిస్తుంది. అది ఇంజను ముందుండే పెద్ద ఫ్యానుది. దాని రెక్కల కొసలు శబ్దం కన్నా వేగంగా తిరుగుతాయి. అంత వేగంలో ప్రతి రెక్కా గాలిని చీలుస్తూ ఒక బుల్లి పిడుగుని ముందుకి విసురుతుంది. రెక్కలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే ఒక్క ఈల మాత్రమే వినపడాలి. కానీ ఏ రెండు రెక్కలూ ఒకేలా ఉండవు. వెంట్రుకవాసి వంకర చాలు, ఒక పిడుగు ముందుకి తోసుకొస్తుంది, ఇంకోటి వెనకపడుతుంది. ఆ ఎగుడుదిగుడే చుట్టుచుట్టుకీ తిరిగొచ్చి రంపపు కోతలా మోగుతుంది. అందుకే ఏ ఫ్యాను రంపం దానిదే. చీకట్లో గురక విని ఇంట్లో ఎవరిదో చెప్పేస్తాం, అలాగన్నమాట.

ఇంగ్లండులోని డెర్బీలో విమాన ఇంజన్లు చేసే కంపెనీలో పదిహేడేళ్ళుగా నా పని ఇదే. రెక్కల వంకరలు కొలిచిన పట్టిక నా చేతికిస్తే, ఇంజను ఊపిరి పోసుకోకముందే దాని రంపం ఎలా మోగుతుందో లెక్కగట్టి గీసిస్తాను. ఈ కొత్త ఇంజనుకి నేను గీసిన బొమ్మ సోమవారం నాటి మోతతో గీతకి గీత సరిపోయింది. డంకన్ "బాగుంది" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం ఎప్పుడూ ఓడిపోయే మా డెర్బీ ఫుట్‌బాల్ జట్టు కప్పు గెలవడం లాంటిది.

ఒక్క రాత్రిలో మనిషి గురక మారదు. మారిందంటే ఆ మనిషికి ఏదో అయినట్టే.

మా పరీక్ష విమానం నాలుగింజన్ల పాతది. మూడు ఇంజన్లు దాని సొంతం. ఎడమవైపు లోపలి చోట మాత్రం మా కొత్తది వేలాడుతుంది, ముగ్గురు ముసలాళ్ళ పక్కన నిలబెట్టిన పెళ్ళికొడుకులా. లోపల, ఫ్యాను తిరిగే చోటుకి సరిగ్గా ఎదురుగా, నేలమీద రెండు ఎర్ర పట్టీలు అతికించి ఉంటాయి. ఇంజను తిరుగుతున్నంతసేపూ ఆ రెండు పట్టీల మధ్య ఎవరూ కూర్చోరు, నిలబడరు. ఎప్పుడైనా ఒక రెక్క ఊడితే అది వచ్చే దారి అదే. నేను పట్టీలకి ముందు కూర్చుంటాను, డంకన్ వెనక. టీ ఫ్లాస్కు డంకన్ వైపు ఉంటుంది. పదిహేడేళ్ళలో నేను విమానంలో టీ తాగిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

థార్న్‌బీ ఎయిర్‌ఫీల్డులో దిగగానే నా కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఇంజను నోటి అంచున రెండు మైకులు ఉన్నాయి. ఫ్యాను ఒక చుట్టు తిరిగేసరికి పద్దెనిమిది రెక్కల పద్దెనిమిది పిడుగులు తెరమీద కొండల్లా వరసగా నిలబడతాయి. ఒకటో రెక్క దాటినప్పుడల్లా ఒక గుర్తు పడుతుంది. అక్కణ్ణించి లెక్కపెట్టుకోవాలి.

ఒకటి, రెండు, మూడు... ఏడో కొండ పక్కకి ఒరిగి ఉంది. నిన్న ఒరగలేదు.

మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ ఏడే.

"ఏడో రెక్క," అన్నాను డంకన్‌తో. "అంత వేగంలో రెక్క మెలి కొద్దిగా విప్పుకుంటుంది కదా? ఏడోది మిగతావాటి కన్నా ఎక్కువ విప్పుకుంటోంది. అంటే లోపల ఎక్కడో బలం తగ్గింది. పగులు ఉండొచ్చు."

"ఉండొచ్చా, ఉందా?"

"రెక్క ఏడోదన్నది ఖాయం."

ఆ 'ఖాయం' అన్నది నేనే. తర్వాత జరిగినదంతా దానిమీదే నడిచింది.

ఫ్యాను రెక్కల తనిఖీ క్లైవ్ వీల్డన్ పని. యాభైతొమ్మిదేళ్ళవాడు. నలభై ఏళ్ళుగా ఇంజన్ల కింద పాకుతున్నవాడు. మా ఊళ్ళో ముద్దుగా పిలవడానికి అందరూ అందరికీ 'బాతుపిల్ల'లే గానీ, క్లైవ్ ఆ మాట అంటే మాత్రం నిజంగానే నీళ్ళొడ్డున నడిపించుకెళ్తున్నట్టు ఉంటుంది.

"ఏం బాతుపిల్లా, మళ్ళీ స్క్రూ వదులైందా?" అన్నాడు నన్ను చూడగానే.

ఆ ఎత్తిపొడుపుకి కారణముంది. నిరుడు నేను ఇలాగే ఒక పరీక్ష ఆపించాను. రెండువారాలు ఇంజను విప్పి ముక్కముక్కా చూశారు. చివరికి తేలిందేమిటంటే, నా మైకుకే ఒక స్క్రూ వదులు. ఆ క్రిస్మస్‌కి నా బల్లమీద ఎవరో రంగు కాగితంలో చుట్టిన దూదిపొట్లం పెట్టారు, చెవుల్లో పెట్టుకోమని. పైన రిబ్బను కూడా కట్టారు.

"ఈసారి రెండు మైకులూ ఒకే మాట చెబుతున్నాయి క్లైవ్."

"రెండు అబద్ధాలు కలిస్తే నిజమవుతుందని మా ఆవిడ కూడా అంటుంది." నవ్వి, పెట్టె తెరిచాడు. "సరే, ఎన్నోది?"

"ఏడు."

కడుపుతో ఉన్నవాళ్ళకి చేసే స్కానింగు లాంటిదే మా రెక్కల స్కానింగు కూడా. జిగురు పూసి, చిన్న పరికరం అంగుళం అంగుళం జరుపుతూ తెర చూడాలి. ఒక్క రెక్కకే మూడు గంటలు. పద్దెనిమిదింటికీ అంటే వారం పోతుంది. అప్పటికి ఉత్తరం నుంచి వస్తున్న తుఫాను మా నెత్తిన ఉంటుంది. అందుకే డంకన్ ఒక్కటే చూడమన్నాడు. నేనూ ఒక్కటి చాలన్నాను.

క్లైవ్ ఫ్యాను ముందు మడతబల్ల వేసుకుని, ఓట్స్ అట్టులో చీజు చుట్టుకుని తింటూ, ఏడో రెక్కని మొదలు నుంచి కొస దాకా చదివాడు. నేను పక్కనే నిలబడ్డాను. ఒకటిన్నరకి పరికరం కింద పెట్టాడు.

"పసిపాప బుగ్గలా ఉంది."

"మొదట్లో చూశారా? కుదురు దగ్గర?"

"నాకు నేర్పుతున్నావా?"

"కాదు, క్లైవ్..."

"రెండుసార్లు చూశాను. ఈ రెక్కకి ఏ జబ్బూ లేదు. ఇదిగో సంతకం పెడుతున్నా." కాగితంమీద గీకాడు. "సంతకం పెట్టానంటే నేనూ ఎక్కుతున్నానని అర్థం. నీకు తెలుసుగా."

తెలుసు. థార్న్‌బీలో అది రాతలో లేని కట్టుబాటు. రెక్క బాగుందని సంతకం పెట్టినవాడు తర్వాతి ప్రయాణంలో విమానంలో కూర్చోవాలి. ఎవరు ఎప్పుడు మొదలెట్టారో తెలీదు, ఇంతవరకూ ఎవరూ తప్పలేదు.

రెండింటికి బల్ల చుట్టూ చేరాం. పరీక్షకి ముందు ప్రతి ఒక్కరూ నోరు తెరిచి 'సరే' అనాలి. ఒక్కరు 'వద్దు' అన్నా విమానం కదలదు. కానీ 'వద్దు' అంటే కారణం రాసివ్వాలి.

"నా లెక్క ఇది," అన్నాడు డంకన్. "రెండు మైకుల తీగలూ వెళ్ళేది ఒకే రికార్డింగు పెట్టెలోకి. పెట్టె చెడితే రెండూ ఒకే అబద్ధం చెబుతాయి. పెట్టె మార్పించాను. పైకెళ్ళి మెట్టుమెట్టుగా వేగం పెంచుదాం. తుఫాను వచ్చేలోపు ఈ ఒక్కటీ అయిపోతే బతికిపోతాం. కెప్టెన్?"

"సరే," అంది రోసలిండ్.

"క్లైవ్?"

"సరే. మధ్యాహ్నం కునుకు కూడా తీస్తా."

"టెస్సా?"

 ఆ ఎక్కిలి నేను విన్నాను. పెట్టెలు ఎక్కిళ్ళు పెట్టవు. కానీ ఏం రాసివ్వను? నేను చూపించిన రెక్కే బాగుంది. నా దగ్గరున్నది ఒక్క భయం, దానికి కాగితంమీద గడి లేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. దూదిపొట్లం గుర్తొచ్చింది.

"సరే," అన్నాను.

ఎందుకన్నానో ఈనాటికీ నన్ను నేను అడుగుతుంటాను.

సీటు బెల్టు బిగించుకున్నాను. క్లైవ్ నా పక్క సీట్లో కూర్చుని పేపర్లో గళ్ళనుడికట్టు ముందేసుకున్నాడు. నా ఎదురుగా చిన్న తెర ఒకటి ఉంది. ఇంజను నోటిని చూసే కెమేరాది. విమానం గాలికి ఎదురుగా నిలబడి ఉంది. ఇంకా వెలిగించని ఫ్యాను, సముద్రపు గాలికి దానంతటదే నెమ్మదిగా, టకటకమంటూ తిరుగుతోంది. క్లైవ్ తనిఖీకోసం రెక్కలమీద సుద్దతో వేసిన అంకెలు ఒక్కొక్కటే కెమేరా ముందుకొచ్చి పోతున్నాయి. ఆ అంకెల్లో ఏదో నచ్చలేదు. ఏమిటో అంతుపట్టేలోగా కెప్టెన్ ఇంజను వెలిగించింది, అంకెలన్నీ కలిసి తెల్లటి చక్రమైపోయాయి.

"నాలుగక్షరాలు. 'పొలంలో నిలబడి ఎవర్నీ బెదిరించలేనివాడు'," అన్నాడు క్లైవ్.

"నాకిప్పుడు బుర్ర పనిచెయ్యదు క్లైవ్."

"భయంగా ఉందా?"

"మీకు లేదా?"

"నలభై ఏళ్ళుగా డెర్బీ జట్టు ఆట చూస్తున్నా. ఇంకేం భయపెడుతుంది నన్ను?"

నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగిపోయింది. విమానం లేచింది.

పాత మూడింజన్లే మమ్మల్ని పైకి మోశాయి. కొత్తది నెమ్మదిగా తిరుగుతూ వెంట వచ్చింది. తీరం దాటాం. కింద సముద్రం సీసం రంగులో ఉంది. పదిహేనువేల అడుగుల దగ్గర డంకన్ గొంతు వినపడింది.

"ఎనభై శాతం."

మోత లేదు. ఆ వేగంలో రెక్కల కొసలు ఇంకా శబ్దాన్ని దాటవు.

"ఎనభైఅయిదు... ఎనభైఎనిమిది."

రంపం మొదలైంది. ముందు సన్నగా, తర్వాత పళ్ళు కనపడేలా. కళ్ళు మూసుకుని విన్నాను. గరగర, ఎక్కిలి. గరగర, ఎక్కిలి. పొద్దుటికన్నా బాగా తెలుస్తోంది.

తెర చూశాను. ఏడో కొండ ఒరగడమే కాదు, పక్కదాని మీద పడబోతోంది.

"డంకన్, పెట్టె తప్పు కాదు. ఇంకా ఉంది. పొద్దుటి కన్నా ఎక్కువుంది."

"ఏడోదేనా?"

"ఏడోదే."

"మూడు గంటలు స్కానింగు చేసి బాగుందన్న ఏడోదే?" ఆయన గొంతులో విసుగు లేదు, అలసట ఉంది. "అయితే అది రెక్క కాదమ్మా. అంచు దగ్గర ఇంజను గోడకి అతికించిన లైనింగు ఏదో లేచి ఉంటుంది. దిగాక చూద్దాం. తొంభై."

మోత ఇంకా ముదిరింది. నా సీటు కాళ్ళలోంచి వెన్నులోకి ఎక్కింది. కంపనం ముల్లు మాత్రం కదల్లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇంతమందిలో, ఇన్ని మీటర్లలో, ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే. చెప్పడానికి నా దగ్గర మాట లేదు.

మోత నిజం. రెక్క బాగుంది. రెండూ ఎలా నిజమవుతాయి?

తెల్లకాగితం లాక్కున్నాను. చేతులకి ఏదో ఒక పని ఉండాలి. గుండ్రంగా గీసి, చుట్టూ ఒకటి నుంచి పద్దెనిమిది దాకా అంకెలు వేశాను. గడియారంలో ఉన్నట్టు కుడివైపుకి. కొత్త ఫ్యానుకి క్లైవ్ వేసిన అంకెలూ అలాగే ఉన్నాయి. ఫ్యాను తిరిగేది కూడా కుడివైపుకే. పైన ఒకచోట పెన్సిలు మొన ఆనించాను. అది నా మైకు. మైకు కదలదు, ఫ్యానే తిరగాలి. కాగితాన్ని నెమ్మదిగా కుడివైపుకి తిప్పాను.

పెన్సిలు కింద ముందు ఒకటి వచ్చింది.

తర్వాత రెండు రాలేదు. పద్దెనిమిది వచ్చింది.

 ఇంకొంచెం తిప్పాను. పదిహేడు. పదహారు. పదిహేను. పద్నాలుగు. ఏడోదిగా పెన్సిలు కిందకి వచ్చింది పదమూడు.

సుద్ద అంకెల్లో నాకు నచ్చనిది ఇదే. అవి వెనక్కి నడుస్తున్నాయి.

"తొంభైరెండు," అన్నాడు డంకన్.

పాత ఇంజన్లన్నిటిలో అంకెలు ఎడమవైపుకి వేసేవాళ్ళు. అందులో మైకు ముందుకి వచ్చే వరసా, అంకెల వరసా ఒకటే. పదిహేడేళ్ళు అలాగే లెక్కపెట్టాను. ఈ ఇంజనుకి మార్చారని ఒక్కసారైనా అడగలేదు. వరస తిరగేసినా మోత ఒకేలా ఉంటుంది కాబట్టి సోమవారం నా బొమ్మ కూడా దాన్ని పట్టివ్వలేదు. ఏడోసారి వచ్చింది ఏడో రెక్క కాదు. మేము తప్పు రెక్కని మూడు గంటలు తడిమాం. పగిలిన రెక్క నిమిషానికి దాదాపు మూడువేల చుట్లు తిరుగుతూ, నాకు పది అడుగుల వెనక, పల్చటి రేకు గోడ అవతల ఉంది.

"తొంభైనాలుగుకి వెళ్తున్నాం."

మా విమానంలో ఒక మాట ఉంది. ఎవరైనా సరే దాన్ని మూడుసార్లు అంటే, కెప్టెన్ ముందు లివరు లాగాలి, తర్వాతే ప్రశ్న వెయ్యాలి. పదిహేడేళ్ళలో నేను ఆ మాట వాడలేదు. పొద్దున కూడా 'ప్లీజ్' అనే అన్నాను.

"ఆపు! ఆపు! ఆపు!"

నా గొంతు నాకే పరాయిదిలా వినిపించింది. రోసలిండ్ చెయ్యి ఎంత వేగంగా కదిలిందో గానీ, రంపం మోత అమాంతం కిందకి జారింది. జారుతూ జారుతూ ఒక్క క్షణం నేల దడదడలాడింది. కంపనం ముల్లు మొదటిసారి నిద్ర లేచి, ఎర్రగీత దాకా ఎగిరి, వణుకుతూ దిగింది. పూర్తిగా సున్నాకి రాలేదు.



"ఇప్పుడు చెప్పు," అంది రోసలిండ్. ఆమె గొంతు నిదానంగా ఉంది. ఆ నిదానానికి నాకు ఇంకా భయమేసింది.

"పదమూడో రెక్క. ఏడు కాదు. నేను... తర్వాత చెబుతాను కెప్టెన్. పదమూడో రెక్క పగిలింది."

"ముల్లు నేనూ చూశాను," అన్నాడు డంకన్. ఈసారి ఆయన గొంతు చిన్నగా ఉంది. "రోసలిండ్, ఇంజను ఆర్పేద్దామా?"

"ఆర్పినా గాలి తిప్పుతూనే ఉంటుంది. ఉన్నదాన్ని కదపను. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి. ఎర్ర పట్టీల దగ్గరికి ఎవరూ రావద్దు. ఇరవైఆరు నిమిషాల్లో థార్న్‌బీ."

ఇరవైఆరు నిమిషాలంటే ఎంతసేపో నాకు ఆ రోజే తెలిసింది.

ఒంటరిగా తిరుగుతున్న ఆ ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేదీ వినపడలేదు. గాలి గుంత వచ్చినప్పుడల్లా ముల్లు ఎగిరేది.  రెక్క ఊడితే ఏమవుతుందో నాకు అందరికన్నా బాగా తెలుసు. దాని బరువు తెలుసు, వేగం తెలుసు. ఊడితే ఆపడానికి దాని చుట్టూ గట్టి తొడుగు ఉంటుంది. సగానికి చీలితే కూడా ఆపుతుందని లెక్కలు చెబుతున్నాయి. లెక్కల మీద ఆ పూట నాకు నమ్మకం లేదు.

క్లైవ్ పేపరు మడిచి పెట్టేశాడు. నా ఒళ్ళో ఉన్న కాగితం తీసుకుని, పెన్సిలు ఆనించి, తిప్పి చూశాడు. ఒక్కసారే తిప్పాడు.

"ఓరి నాయనో," అన్నాడు.

"నేను అడగాల్సింది క్లైవ్. అంకెలు ఎటు వేస్తున్నారని."

"డ్రాయింగులో మార్చారు. కిందటి వేసవిలో. చిన్న అక్షరాలతో ఒక మూల రాశారు. నాకు తెలుసు." గడ్డం రుద్దుకున్నాడు. "నువ్వు ఏడన్నావు. నేను సుద్ద అంకెలు చూసి ఏడోది చూశా. నువ్వు ఎట్నుంచి లెక్కపెట్టావో నేనూ అడగలేదు."

"మీరు ఎందుకడుగుతారు? 'ఖాయం' అన్నది నేను."

 ఆయన కిటికీలోంచి ఇంజను వైపు చూశాడు. ఆయన బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళనీ వరసగా తాకుతూ తిరుగుతోంది, జపం చేస్తున్నట్టు. డెర్బీ జట్టు నేర్పని భయం అది.

"బాతుపిల్లా," అన్నాడు కాసేపటికి, మైకు మూసి. "నాకింకా నాలుగు నెలలే ఉంది. ఆ తర్వాత చేపలు పట్టుకోవడమే. నీకు ఇంకో ఇరవై ఏళ్ళ ఉద్యోగం. దిగాక, అంకెల సంగతి నేను నీకు చెప్పలేదని అంటాను. మార్పు తెలిసినవాణ్ణి నేనే కాబట్టి తప్పు నాదే అవుతుంది. నువ్వు నోరు మూసుకుని కూర్చో."

"అదేం మాట?"

"నిరుడు స్క్రూ, ఈ ఏడు ఇది. ఇంక నీ చెవిని ఎవరైనా నమ్ముతారా? ఆలోచించు."

ఆలోచించాను. ఆలోచించలేదంటే అబద్ధం.  నా మాట ఇంకెవరూ వినకపోతే నేను ఎవరిని?

చక్రాలు దిగాయి. మబ్బుల్లోంచి రన్‌వే కనపడింది. నేలకి తాకేటప్పుడు కుదుపు ఉంటుంది. మిగిలిన కాస్త లోహం తెగడానికి ఆ కుదుపు చాలు. రోసలిండ్‌కి అది తెలుసు. చక్రాలు ఎప్పుడు ఆనాయో కూడా తెలియనంత మెత్తగా దించింది. అయినా నా పళ్ళు నాలుకని కొరికాయి. నోట్లో రక్తం రుచి తగిలింది. ముల్లు ఒక్కసారి ఎగిరి ఆగింది.

విమానం నిలబడింది. ఇంజన్లు ఆరాయి. మెట్లు దిగి, చక్రం పక్కన వంగి, పొద్దున తిన్నదంతా కక్కుకున్నాను. ఎవరో వీపు నిమిరారు. తిరిగి చూస్తే రోసలిండ్.

"నీళ్ళు తాగు," అంది. సీసా నా చేతికిచ్చింది.

క్లైవ్ అప్పటికే నిచ్చెన వేసుకుని పదమూడో రెక్కకి జిగురు పూస్తున్నాడు. ఈసారి మూడు గంటలు పట్టలేదు. పరికరం కుదురు దగ్గర పెట్టగానే తెరమీద మచ్చ వెలిగింది. దాన్ని అటూ ఇటూ జరిపి, కొలబద్ద ఆనించి, మళ్ళీ కొలిచాడు.

"నలభైఒక్క మిల్లీమీటర్లు," అన్నాడు. "పైకి కనపడదు. పూత కింద నక్కి ఉంది."

డంకన్ నిచ్చెన కింద నిలబడి చాలాసేపు ఆ తెరనే చూశాడు. తర్వాత ముఖం ఎర్రబడింది. భయం దిగాక మనిషికి వచ్చే కోపం అది.

"పొద్దున మూడు గంటలు ఈ ఫ్యాను ముందే కూర్చున్నావు కదయ్యా! ఆరు రెక్కల అవతల ఇంత పగులుంటే ఓట్స్ అట్లు తింటూ కూర్చున్నావా? ఆరుగురం ఎక్కాం పైకి! సంతకం పెట్టావు!"

"పెట్టాను," అన్నాడు క్లైవ్ మెల్లగా. "అంకెల సంగతి టెస్సాకి నేనే చెప్పి ఉండాల్సింది డంకన్. నేను..."

"క్లైవ్ సంతకం పెట్టిన రెక్కలో ఏ లోపం లేదు," అన్నాను.

డంకన్ నా వైపు తిరిగాడు. నిచ్చెన మీంచి క్లైవ్ వద్దన్నట్టు తల ఊపాడు.

"నేను అడిగిన రెక్కనే ఆయన చూశాడు. చూసింది సరిగ్గానే చూశాడు. నేనే తప్పు రెక్క చెప్పాను. మైకు ముందుకి వచ్చే వరసని రెక్కల అంకెల వరస అనుకున్నాను. ఈ ఇంజనులో అంకెలు తిరగేసి ఉన్నాయి. నేను కనుక్కోలేదు. పైగా ఖాయమన్నాను. మధ్యాహ్నం బల్ల దగ్గర భయమేస్తున్నా సరేనన్నాను."

హ్యాంగరు తలుపులోంచి చలిగాలి కొడుతోంది. మెకానిక్కులు ఇద్దరు పని ఆపి వింటున్నారు. రేపటికల్లా ఈ కథ డెర్బీ అంతా తిరుగుతుంది. తిరగనీ.

"ఇదే లెక్క ఇంకెక్కడైనా వాడావా?" అన్నాడు డంకన్.

ఆ ప్రశ్న నాకు అప్పటిదాకా తట్టలేదు. 

"కిందటివారం. డెర్బీలో, నేలమీద పరీక్ష చేస్తున్న ఇదే రకం రెండో ఇంజనుకి. అయిదో రెక్క వంకర ఎక్కువుంది, మార్చమని రాసిచ్చాను."

"మార్చేశారా?"

"రేపు పొద్దున మారుస్తారు. మధ్యాహ్నం, అసలు వంకర రెక్క అలాగే ఉండగా, నూరు శాతం వేగంతో తిప్పుతారు."

డంకన్ గడియారం చూసుకున్నాడు. అరవలేదు. కోపం ఎటుపోయిందో పోయింది.

"అంటే నువ్వు ఇప్పుడు నోరు విప్పకపోతే..."

"ఊఁ."

ఆయన జేబులోంచి ఫోను తీసి ఎవరికో కలిపాడు. "డెర్బీనా? డంకన్‌ని. రేపటి పరుగు ఆపండి. లేదు, తుఫాను కాదు. టెస్సా ఆపమంది." అవతలివాడు ఏదో అన్నట్టున్నాడు. డంకన్ కళ్ళు చిట్లించాడు. "దూది జోకులు తర్వాత వెయ్యి. నేను ఈ క్షణం మీతో మాట్లాడుతున్నానంటే ఆవిడ చెవి వల్లే. ఆపెయ్. కాగితం అరగంటలో వస్తుంది."

ఫోను పెట్టేసి, మడతబల్ల నా ముందుకి తోశాడు.

"రాయి. ఏం తప్పు చేశావో, ఎలా చేశావో, ఎవరికైనా అర్థమయ్యేలా. బొమ్మ కూడా వెయ్యి. వణుకు తగ్గేదాకా ఆగకు, తగ్గితే మనిషి తెలివిమీరిపోతాడు."

క్లైవ్ నిచ్చెన దిగి, జిగురు చేతులు గుడ్డకి తుడుచుకుని, తన పెన్సిలు నా చేతిలో పెట్టాడు.  పక్కనే పెట్టె బోర్లించుకుని కూర్చున్నాడు.

కాగితంమీద మొదటి వాక్యం కుదరలేదు. పెన్సిలు నిలవడంలేదు. అందుకని చిన్నపిల్లలు రాసినట్టు ఇంతింత పెద్ద అక్షరాలతో రాశాను: ఏడోసారి వచ్చేది ఏడో రెక్క కాదు.